మజ్జిగ కుండ మీది పళ్ళెం

ఈ ఉదయం మజ్జిగ కుండ మీది మూత తోముతుంటే అంచున ఉన్న గీతలు మళ్ళీ వేలికి తగిలాయి. నిజానికి అది మూత కాదు, మా ఆడపడుచు ఆడిన ఫ్రిస్బీ. తెల్లటి ప్లాస్టిక్ పళ్ళెం. కుండకు సరిగ్గా సరిపోయిందని నేనే దానికి ఆ ఉద్యోగం ఇచ్చాను.

నలభై దాటాక ఆవిడ విజయవాడలో మా చర్చి సంఘం యువతతో కలిసి ఆడడం మొదలుపెట్టింది. "పళ్ళెం విసురుకోవడానికి బూట్లెందుకే?" అన్నాను. "ఒకసారొచ్చి చూడు వదినా," అంది. చూశాక మళ్ళీ ఆ మాట అనలేదు. పళ్ళెం పట్టుకున్నవాళ్ళు అక్కడినుంచి కదలకూడదు, అందుకని మిగతావాళ్ళంతా దాన్ని అందుకోవడానికి పరిగెత్తుతూనే ఉండాలి. ఉరికి, ఠక్కున ఆగి, వెనక్కి తిరిగి మళ్ళీ ఉరకాలి. మర్నాడు తొడలు పట్టేసి ఆవిడ మేడ మెట్లు వెనక్కి తిరిగి దిగేది. శరీరం దేవుని ఆలయమని ఇన్నేళ్ళూ సండే స్కూలు పిల్లలకు చెప్పాను గాని, ఆలయానికి ఇంత చెమట పడుతుందని నాకు తెలియదు.

మోకాలు అరిగిపోయింది, ఇక మానెయ్యమన్నారు డాక్టరు గారు. కంకిపాడులో పామర్రు జట్టుతో ఆడేదే ఆఖరి ఆట. ఆవిడ జట్టు అప్పటిదాకా ఒక్కసారీ గెలవలేదు. "ఒక్కటి గెలిచి మానేస్తాను వదినా," అంది. ఆ రోజు మా స్త్రీల సమాజం చేసిన ఘనకార్యం చెప్పాలి. పామర్రు వాళ్ళు మేం పిలిచిన అతిథులు గదా అని ఆటకు ముందే ప్రేమ విందు పెట్టేశాం, చికెన్ బిర్యానీతో. అతిథులు మొహమాటపడి కొంచెమే తిన్నారు. మావాళ్ళకు మాత్రం కొసరి కొసరి వడ్డించాం. ఎండలో ఆట సాగి రెండు జట్లూ సమానంగా నిలిచేసరికి మా ఆడపడుచు గీత పక్కన వంగి తిన్నదంతా కక్కేసింది. "చాల్లే, కూర్చోవే," అన్నాను. నీళ్ళు పుక్కిలించి ఊసి, "బిర్యానీ బాగుంది వదినా," అని మళ్ళీ లోపలికి వెళ్ళింది.

ఆఖరి పాయింటు. అవతలి గీత దాటాక పళ్ళెం నేల తాకకముందే పట్టుకుంటే గెలుపే. పళ్ళెం ఆవిడకు అందనంత దూరంలో కిందికి వాలుతోంది. ఆ మోకాలితోనే పరిగెత్తి, ఒళ్ళంతా చాపి గాల్లోకి దూకింది. దుమ్ములోంచి చెయ్యి పైకి లేచింది, చేతిలో పళ్ళెం ఉంది. పాస్టరమ్మ గారు అప్పుడే స్తోత్రం మొదలుపెట్టారు. ఈ ఆటకు అంపైరు ఉండడు, ఏం జరిగిందో ఆడేవాళ్ళే చెప్పుకోవాలి. మోచేతి నెత్తురు తుడుచుకోకుండానే, ఊపిరి అందక, "ముందు నేలకి తగిలిందండీ," అంది ఆవిడ. పళ్ళెం పామర్రు వాళ్ళ చేతికెళ్ళింది. వాళ్ళే గెలిచారు.

తర్వాత రెండు జట్లూ ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని గుండ్రంగా నిలబడ్డారు. "మేమెవ్వరం చూళ్ళేదక్కా," అన్నాడు వాళ్ళ కెప్టెన్.

"నేను చూశాను గదా నాన్నా."

నిలబడే సత్తువ కూడా లేని ఒంట్లో ఆ మాటకు బలం ఎవరిచ్చారో నేను ఎవరినీ అడగలేదు. ప్రార్థనలో లాగా తలమీద కొంగు కప్పుకున్నాను, అంతే. ఇప్పుడావిడ మెట్లు ముందుకు తిరిగే దిగుతుంది, రెయిలింగు పట్టుకుని, నెమ్మదిగా. రోజూ తోమి తోమి పళ్ళెం నడుమంతా నునుపెక్కింది. అంచున గీతలు మాత్రం ఆ మధ్యాహ్నం దగ్గరే ఆగి ఉన్నాయి.