బెల్లం పట్టు వేసిన దుంగ

మొన్న పొద్దున నిజామాబాద్‌లో మా వీధిలో కేబుల్ వాళ్లు పాతిన ఇనుప స్తంభం మీద ఒక వడ్రంగి పిట్ట వాలింది. ముక్కుతో రెండు దెబ్బలు వేసి, పెళ్లి భోజనంలో రాయి కొరికిన పెద్దమనిషిలా అటూ ఇటూ చూసి ఎగిరిపోయింది. నా చేతిలో టీ చల్లారిపోయింది గానీ, వర్ని దగ్గరి మా మేనమామ చెరకు తోట కళ్లముందుకొచ్చింది.

ఆ తోటలో బోరు మోటారుకు కరెంటు తెచ్చే తీగ స్తంభంలా పాతిన ఒకే ఒక నీలగిరి దుంగ మీద వేలాడేది. ఒక ఎండాకాలం కాలువ నీళ్లు ఆగిపోయాయి. దుంగ కూలితే మోటారు ఆగుతుంది, మోటారు ఆగితే చెరకు నిలువునా ఎండుతుంది. సరిగ్గా అప్పుడే నెత్తిన ఎర్ర రుమాలు, వీపున బంగారు జరీ కప్పుకున్నట్టున్న వడ్రంగి పిట్ట ఒకటి దిగి, ఆ దుంగకే కన్నం పెట్టసాగింది. దాని టకటకలు బోధన్ దాకా వినిపించాయని నేను ఇప్పటికీ చెబుతుంటాను. పక్కనున్న మోస్రా దాకా అయితే ఖాయం.

మామకు తెలిసిన వైద్యం ఒకటే. కాలు బెణికినా, చెయ్యి వాచినా మా వైపు సున్నం, బెల్లం కలిపి పట్టు వేస్తారు. ఆరితే రాయిలా బిగుసుకుంటుంది. మామ కరెంటు లేని వేళ చూసి నిచ్చెనెక్కి, కన్నంలో ఆ పట్టు కూరి, పైన అత్త పాత చీర ముక్కతో కట్టు కూడా కట్టాడు. కింద నిలబడ్డ అత్త, "నాడి గూడ సూడు. జరముంటే గోలి ఏద్దాం" అంది. చెరకు రైతు కదా, బెల్లం ధారాళంగా వేశాడు, సున్నం చిటికెడే.

తెల్లారేసరికి జిల్లాలోని చీమలన్నీ ఆ దుంగకు వరుస కట్టాయి. వడ్రంగి పిట్టకు చీమలంటే ప్రాణమని మాకు అప్పుడే తెలిసింది. అది జంటను కూడా వెంటబెట్టుకొచ్చి, కడుపునిండా తిని, కట్టు చింపి, కన్నాన్ని చెంబు పట్టేంత చేసింది. ఎన్ని కబుర్లు పంపితేనో నెల దాటాక వచ్చిన లైన్‌మన్ దుంగను ఊపి చూశాడు.

"కాకా, నువ్వు పిట్టను ఎల్లగొట్టలే, దానికి హోటల్ పెట్టినవ్. గాలిదుమారమొస్తే గిది పడ్తది. ఇయ్యాల్నే తీగ మార్సి, దీన్ని కోసి పడేయాలె."

పక్కన కొత్త దుంగ పాతి, తీగ మార్చారు. మోటారు నీళ్లు పోసింది, చెరకు బతికింది. గొడ్డలి పట్టుకుని పాత దుంగ దగ్గరికి వెళ్లిన మామ మాత్రం దానికి చెవి ఆనించి అలాగే ఉండిపోయాడు.

"ఏమైంది, గొడ్డలి లేస్తలేదా?" అంది అత్త.

"మెల్లగ మాట్లాడు. లోపట పిల్లలున్నయ్."

"ఇగ వాటికి పురుడు గూడ నేనే పొయ్యాల్నా?"

మామ పాత దుంగకు నాలుగు వైపులా తాళ్లు కట్టి నిలబెట్టాడు. పిల్లలకు రెక్కలొచ్చేదాకా రోజూ పొద్దున్నే మామా, నేనూ గట్టు మీద కూర్చుని, ఒక చెవి మోటారు పోసే నీళ్ల మీద, ఇంకో చెవి కన్నం మీద పెట్టి, ఏ పిల్ల ముందు తల బయట పెడుతుందా అని ఎదురుచూసేవాళ్లం. ఆ ఏడు చెరకును నరికారు, అదే మోడు నుంచి మళ్లీ మొలిచింది. ఆ పొద్దులు మాత్రం ఎంత నీరు కట్టినా మళ్లీ మొలవలేదు.