మౌలాలి గుట్ట మీద పొద్దున, చిన్న బెంచీల మీద సాయంత్రం

పాత విద్యార్థుల సమ్మేళనాలంటే నాకు ఒళ్ళు మంట. శాలువాలు, జ్ఞాపికలు, ఒకరినొకరు పొగుడుకోవడం, ఆఖర్న గ్రూపు ఫోటో. అందుకే సికింద్రాబాదులో నేను చదివిన ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నుంచి ఫోనుకి ఆహ్వానం వచ్చినప్పుడు పూర్తిగా చదవకుండానే తీసేయబోయాను. ఇథియోపియా, జాంబియా, మాల్దీవులు, భూటాన్, ఎక్కడెక్కడో పాఠాలు చెప్పిన మా పాతవాళ్ళంతా వస్తారట. పొద్దున ఊరు చూడడం, సాయంత్రం సమ్మేళనం. ఇక్కడ టీచర్లు లేక తరగతి గదులకు తాళాలు పడుతుంటే, దేశాలన్నీ తిరిగొచ్చినవాళ్ళకి విహారయాత్ర ఒకటా! అయినా బయల్దేరాను. ఆహ్వానం చివర ఇలా ఉంది: "ఆనవాయితీ ప్రకారం పిల్లల గంట తీసుకోవాల్సింది అందరికంటే చిన్న బ్యాచి. ఈసారి లూదియ."

లూదియ నేనే. పిల్లల గంట అంటే ఏమిటో బయటివాళ్ళకి చెప్పాలి. మా కాలేజీలో శిక్షణ పొందేవాళ్ళు తోటివాళ్ళకే పాఠం చెప్పి చూపించాలి. తోటివాళ్ళు పిల్లల్లా కూర్చుని, పిల్లలు పెట్టే తిప్పలన్నీ పెడతారు. సమ్మేళనాల్లో కూడా అదే పద్ధతి. డెబ్బై ఏళ్ళవాళ్ళు సైతం చిన్న బెంచీల మీద కూర్చుంటారు. గంట కొట్టేదాకా ఎవ్వరూ పెద్దవాళ్ళలా మాట్లాడకూడదు. విసుగొచ్చినవాళ్ళు మంచినీళ్ళకని అడుగుతారు, టీచరు పంపించాల్సిందే. గది ఖాళీ అయితే పాఠం పోయినట్టు.

ఒంగోలులో నేను పనిచేసే ప్రైవేటు బడిలో, హోంవర్కు తేని పిల్లల్ని బెంచీల మీద నిలబెట్టమని హెడ్మాస్టరు హుకుం. నిలబెట్టనన్నాను. మాటా మాటా పెరిగింది. ఏడో తరగతి మధ్యలో సంచీ తగిలించుకుని వచ్చేశాను. సోమవారం లోపు వస్తావో రావో తేల్చమని కబురు పంపారు. ఆ కోపంలోనే "బడి జైలు కాదు" అని నాలుగు పేజీల కరపత్రం రాసి అచ్చు వేయించాను. పిల్లల గంటలో అదే చదువుదామని నిశ్చయించుకున్నాను. జీవితమంతా బళ్ళలో గడిపిన వీళ్ళు కూడా దాన్ని వినకుండా లేచిపోతే, ఇక ఈ వృత్తికి ఒక దండం. మా బాబాయి జిరాక్సు షాపులో కూర్చుంటాను. అమ్మ మీద ఒట్టేసుకుని మరీ రైలెక్కాను.

ఒంగోలు నుంచి రాత్రి బండి, స్లీపరు సుమారు మూడు వందలు. మీరు వెళ్ళేటట్టయితే టికెట్టు మీద ఆఖరి స్టేషను పేరు చూసుకోండి. సికింద్రాబాదు స్టేషనుని కొత్తగా కడుతున్నారు కాబట్టి కొన్ని బళ్ళు చర్లపల్లిలోనే ఆగిపోతున్నాయి. నా బండి సికింద్రాబాదు దాకా వెళ్ళింది. తెల్లవారుతుండగా చిలకలగూడ వైపు దిగి, పది నిమిషాలు నడిచి కాలేజీ హాస్టలు చేరాను. స్నానం చేసి, ఉప్మా తిని కిందికి వచ్చేసరికి మౌలాలి గుట్టకు వెళ్ళే మినీబస్సు నిండిపోయింది. మిగిలింది ముగ్గురం. నేను, మాల్దీవుల దీవుల్లో లెక్కలు చెప్పి రిటైరైన సుబ్బారావు మాస్టారు, ఇథియోపియా కొండల్లో చాలా ఏళ్ళు పనిచేసి ఇప్పుడు జాంబియాలో స్థిరపడిన రాహేలు టీచరు. టీచరుకి డెబ్బై దాటాయి. చేతిలో కర్ర కూడా లేదు.

గేటు దగ్గర ఆటో ఆపాం. డ్రైవరు యాదగిరి టీచరుని ఎగాదిగా చూశాడు.

"మౌలాలి గుట్టకా? మూడొందలు. గని పెద్దమ్మ సుత ఎక్కుతదా? జెర తక్లీఫ్ అయితది."

"నువ్వు పుట్టకముందు సంది ఎక్కుతున్న భాయ్," అంది రాహేలు టీచరు, అప్పటిదాకా నాతో మాట్లాడిన తెలుగుని పక్కన పెట్టేసి. "మెట్టుగూడ రైల్వే క్వార్టర్లల పెరిగిన. నీ ఆటో ఎక్కుతదా చడావు, అది చెప్పు."

"అరె, మెట్టుగూడనా! మన గల్లీనే! గట్లయితే రెండున్నర ఇయ్యుండ్రి, నడుస్తది."

"చూశావా లూదియా," అన్నారు సుబ్బారావు మాస్టారు లోపల సర్దుకుంటూ. "పుట్టిన ఊరికి విలువ యాభై రూపాయలు."

మెట్టుగూడ, లాలాగూడ దాటి, మల్కాజ్‌గిరి సందుల్లోంచి అరగంటలో చేరిపోయాం. దారంతా టీచరు కిటికీ లేని ఆటోలోంచి సగం బయటికి వంగి, ఇక్కడ బావి ఉండేది, ఇక్కడ మా సండే స్కూలు అని చూపిస్తూనే ఉంది. నేను ముక్తసరిగా ఊఁ కొట్టాను. సంచీలో కరపత్రాలు బరువుగా ఉన్నాయి.

ఆటో ఒక మలుపు తిరిగింది. నేను కూడా బయటికి వంగాను.

గుట్ట అంటే మట్టీ రాళ్ళూ పొదలూ కలిసిన ఎత్తు అనుకునేదాన్ని. ఇది ఒక్కటే రాయి. ఇళ్ళ మధ్యలోంచి, కరెంటు తీగల వెనకనుంచి, అతుకు లేకుండా ఆకాశంలోకి లేచిన ఒకే ఒక్క రాయి. పొద్దుటి ఎండ పడినచోట లేత గులాబీ రంగు, పడనిచోట ఏనుగు రంగు. వానలు జారిన నల్లటి చారలు నిలువునా దిగి ఉన్నాయి. నెత్తిన తెల్లగా దర్గా. కింద జనం పాల ప్యాకెట్లు కొనుక్కుంటున్నారు, స్కూటర్లు తుడుచుకుంటున్నారు. ఒక్కరూ తలెత్తి చూడడం లేదు. ఇంత పెద్దది పక్కన పెట్టుకుని వీళ్ళకి ఇడ్లీ ఎలా దిగుతుందో నాకు అర్థం కాలేదు.

మెట్లు కొన్ని వందలుంటాయి. చక్కగానే కట్టారు, కాని ఎక్కుతుంటే మోకాళ్ళు తెలుస్తాయి. ఆకుపచ్చ చాదరు పట్టుకున్న కుటుంబాలు, కొబ్బరికాయతో వచ్చిన కొత్త జంట, వ్యాయామానికి పరిగెత్తే కుర్రాళ్ళు, అందరికీ అదే దారి. సగంలో నీడ చూసుకుని కూర్చున్నాం. ఇదే అదను అని చెరొక కరపత్రం ఇచ్చాను. సుబ్బారావు మాస్టారు దాన్ని పరుచుకుని దాని మీద కూర్చున్నారు. రాహేలు టీచరు కాసేపు విసురుకుని, తర్వాత కళ్ళజోడు పెట్టుకుని నాలుగు పేజీలూ చదివింది.

"బాగా రాశావు. న్యాయమే అంతా," అంది. "ఇందులో ఒక్క పిల్లాడి పేరు కూడా లేదే?"

నాకు చర్రున లేచింది. "పేర్లెందుకండీ? ఇది వ్యవస్థ గురించి! అయినా మీరంతా ఇక్కడి పిల్లల్ని వదిలేసి అంత దూరం వెళ్ళారు కదా, ఇక్కడ పిల్లలు లేరా?"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. టీచరు మాత్రం నవ్వింది. "ఇక్కడ పోస్టు అడిగితే రేపు రా, మాపు రా అని తిప్పారమ్మా. ఇథియోపియాలో అడక్కుండానే పిల్లల్ని ఇచ్చారు. వెళ్ళాను. బడి అంటే పెద్ద రాతి చూరు, అంతే. బోర్డు కూడా లేదు. బొగ్గుతో రాతి మీదే రాసేదాన్ని. వాన జల్లు కొడితే పాఠమంతా కడుక్కుపోయేది. మర్నాడు నేను వెళ్ళేసరికి పిల్లలే గుర్తు తెచ్చుకుని, కొట్టుకుంటూ, మళ్ళీ రాసి ఉంచేవాళ్ళు. తప్పులతో సహా." అరచెయ్యి పక్కనున్న బండ మీద ఆనించింది. "ఇది ముట్టుకుంటే అది గుర్తొచ్చింది."

పైకి ఎక్కాం. చెప్పులు విడిచి దర్గా చుట్టి, అంచుకు వచ్చి నిలబడ్డాను. కింద పట్టాలు దువ్విన జుట్టులా పాయలు పాయలుగా విడిపోయి ఉన్నాయి. గూడ్సు బళ్ళు మెల్లగా జరుగుతున్నాయి, చప్పుడు మాత్రం ఆలస్యంగా పైకి వస్తోంది. మల్కాజ్‌గిరి, దాని వెనక సికింద్రాబాదు, ఇళ్ళ మీద ఇళ్ళు, మధ్యమధ్యలో ఇలాంటివే బండలు తలలు ఎత్తి చూస్తున్నాయి. పాదాల కింద చల్లటి రాయి. ఎప్పుడో స్టేషనులో కొన్న ఒక చిన్న సైన్సు పుస్తకంలో ఇలాంటి రాళ్ళ గురించి చదివాను. చదవడం వేరు, దాని మీద ఉత్త కాళ్ళతో నిలబడడం వేరు. వంగి అరచెయ్యి కూడా ఆనించాను. కరపత్రం సంగతి కాసేపు మర్చిపోయాను.

తిరుగుదారిలో మోండా మార్కెట్టు చూసి, గడియార స్తంభానికి దగ్గర్లో ఇరానీ హోటల్లో చాయ్ తాగాం. మాస్టారు సాసరులో పోసుకుని తాగుతూ, "సాయంత్రం నేను వెనక బెంచీ. జాగ్రత్త," అని బెదిరించారు. మధ్యాహ్నం హాస్టల్లో బగారా అన్నం, దాల్చా. తిన్నాక నిద్ర పోవాలి, నాకు పట్టలేదు.

సాయంత్రం హాలులోకి అడుగుపెట్టి గుమ్మంలోనే నిలబడిపోయాను. ఎన్నో దేశాల తరగతి గదులని చూసినవాళ్ళు మోకాళ్ళు గడ్డాలకి తగిలేలా ముడుచుకుని చిన్న బెంచీల మీద కూర్చున్నారు. నెరిసిన జడలకి రిబ్బన్లు. చెప్పులు బయట వరసగా. నన్ను చూడగానే అందరూ లేచి, సాగదీసి, "న...మ...స్కా...రం టీ...చర్" అన్నారు.

బోర్డు మీద "బడి జైలు కాదు" అని రాసి, కరపత్రం తీసి మొదలుపెట్టాను. మొదటి పేజీ అవకముందే వెనక నుంచి మాస్టారి గొంతు. "టీచర్, వీడు నా పెన్సిలు తీసుకున్నాడు!" నవ్వులు. రెండో పేజీలో ఒకరు బొటనవేలు ఎత్తారు. "టీచర్, నీళ్ళకెళ్ళొచ్చా?" వెళ్ళు అన్నాను. ఇంకొకరు. వెళ్ళు. మరో ఇద్దరు. నా గొంతు పెరిగింది, వేళ్ళూ పెరిగాయి. రాహేలు టీచరు లేచి నిలబడి, అమాయకంగా, "హెడ్మాస్టరుగారిని తిట్టడం అయిపోయాక మాకు పాఠం చెబుతారా టీచర్?" అంది. సగం గది ఖాళీ. నా కళ్ళ ముందు జిరాక్సు మిషను తిరిగింది. కరపత్రం బల్లకేసి కొట్టాను.

"నోర్ముయ్యండి! ఇక ఎవరు కదిలినా బెంచీ మీద నిలబెడతాను!"

హాలు మొత్తం చప్పున ఆగిపోయింది. రాహేలు టీచరు ఇంకా నిలబడే ఉంది. ఆమె పిల్ల కదా, పిల్లలు టీచరు చెప్పింది చేస్తారు. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, ఒక మోకాలు బెంచీ మీద పెట్టి, మెల్లగా ఎక్కడం మొదలుపెట్టింది. ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఆపలేదు. ఆపకూడదు, గంట కొట్టలేదు మరి.

ఎలా పరిగెత్తానో తెలియదు. చెయ్యి పట్టుకున్నాను. "దిగమ్మా రాహేలూ. దిగు. టీచరు పొరపాటుగా అంది."

ఆమె దిగి, చేతులు కట్టుకుని కూర్చుంది. నేను బోర్డు దగ్గరికి వెళ్ళి రాసింది చెరిపేశాను. ఒక పెద్ద అర్ధచంద్రం బోర్లించి గీశాను.

"ఇదేంటో చెప్పండి."

"బోర్లించిన గిన్నె!" "బన్ను!" "మా తాత బట్టతల!"

"మౌలాలి గుట్ట," అన్నాను. "పొద్దున చూశాం కదా. ఇది నేల మీదికి ఎలా లేచింది?"

ఎవరో తవ్వారన్నారు. దేవుడు పెట్టాడన్నారు. భూకంపం తోసిందన్నారు.

"లేవలేదు," అన్నాను. నా గొంతు నాకే మెత్తగా వినిపించింది. "దీని మీద ఒకప్పుడు బోలెడంత నేల ఉండేది. ఇది లోపల, చీకట్లో, బెల్లం పాకంలా మరిగి మరిగి, మనం ఊహించలేనంత కాలం తీసుకుని గట్టిపడింది. పైన వాన కురిసింది, గాలి కొట్టింది. మెత్తనిదంతా కొట్టుకుపోయింది. గుట్ట పైకి రాలేదు, చుట్టూ ఉన్న నేల కిందికి పోయింది."

నీళ్ళకని వెళ్ళినవాళ్ళ తలలు ఒక్కొక్కటే కిటికీలో కనిపించాయి. బోర్డు నిండా పొరలు గీశాను, పేర్లు రాశాను. తర్వాత గుడ్డ తడిపి మొత్తం తుడిచేశాను.

"వాన వచ్చింది. మళ్ళీ ఎవరు రాస్తారు?"

అన్ని చేతులూ లేచాయి. కిటికీ బయటివి కూడా. రాహేలు టీచరు ముందుకొచ్చి సుద్దముక్క అందుకుంది. పక్కనుంచి మాస్టారు "అది కాదు, ఆ పొర కింద!" అని అరుస్తుంటే, తప్పులతో సహా, గుట్టనంతా తిరిగి నిలబెట్టింది. అప్పుడు గంట మోగింది.

గంట తర్వాత తలొక మాట విమర్శ చెప్పడం ఆచారం. "మొదట్లో మంచి నిద్ర పట్టింది టీచర్, మధ్యలో లేపేశారు," అన్నారు మాస్టారు. రాహేలు టీచరు వంతు వచ్చింది. "మీ ఏడో తరగతిలో వెనక బెంచీ ఎవరిది?"

"ఫాతిమా, చిన్న వెంకటేశు," అన్నాను.

"వాళ్ళకి ఈ గుట్ట ఎప్పుడు చెబుతావు?"

"సోమవారం."

కరపత్రంలో ఒక్క మాట కూడా నేను వెనక్కి తీసుకోను. హెడ్మాస్టరుకి ఆ పూటే కబురు పెట్టాను: వస్తున్నాను, బెంచీ మీద మాత్రం ఎవరినీ నిలబెట్టను. కాని ఆ మాట అనడానికి నాకు హక్కు ఎక్కడినుంచి వస్తుందో ఇప్పుడు తెలుసు: పేరు పెట్టి పిలవగలిగిన పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పడంలోంచి. ఆ పెద్దావిడ మోకాలు బెంచీకి ఆనిన క్షణం నేను ఎన్ని పుస్తకాలు చదివినా నాకు దొరికేది కాదు. ఆ రాయి నా కోపానికంటే ముందు ఉంది, తర్వాతా ఉంటుంది. దాని మీద నిలబడి వచ్చినవాళ్ళకి అరవాల్సిన అవసరం కొంచెం తగ్గుతుంది. సమ్మేళనానికి వెళ్ళేవాళ్ళు ఊరు చూడడాన్ని కాలక్షేపం అనుకోకండి. నాకు పాఠం దొరికింది అక్కడే.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సూచన. గుట్టకి పొద్దున ఏడు లోపే చేరండి. పైన చెప్పులు విడవాలి, ఎండెక్కితే రాయి కాలుతుంది. చల్లగా ఉన్నప్పుడే అరికాళ్ళు ఆనించి కాసేపు ఊరికే నిలబడండి.