గొడుగు చువ్వతో తీసిన తాళం

నిన్న మా మనవరాలు తాళాలు తీయడం నేర్చుకుంటానని, లోపలంతా కనిపించే అద్దంలాంటి తాళం ఒకటి తెప్పించుకుంది. దాన్ని చేతిలోకి తీసుకోగానే భోపాల్‌పట్నంలో మా కొట్టుగది, అందులోని చింతపండు వాసన గుర్తొచ్చాయి. ఆ బరువైన ఇత్తడి తాళాలు మీకూ గుర్తున్నాయా?

మా ఊరున్న బస్తర్‌లో అప్పుడింకా రాజుగారి పాలనే. నాకు తొమ్మిదేళ్లు. మా మేనత్త విరిగిన గొడుగు చువ్వను వంచి, పాత తాళాలు తీయడం నాకు సరదాగా నేర్పింది. "ఆడపిల్లకు ఈ దొంగవిద్య ఏంది?" అని నాయన కోప్పడేవాడు.

ఒకరోజు నాయన కొట్టుగదికి తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకుని ఇంద్రావతి నది అవతలి అంగడికి పోయాడు. కాసేపటికి గదిలోంచి ఏడుపు వినిపించింది. మా రెండేళ్ల తమ్ముడు బస్తాల వెనక నిద్రపోయిన సంగతి ఎవరూ చూసుకోలేదు. అమ్మ ఏడుస్తూ తలుపు బాదుతోంది. అత్త చువ్వ తెచ్చింది కానీ, కంగారులో తాళంలో దూర్చలేక నా చేతికిచ్చింది.

"నువ్వే తియ్యి బిడ్డా, తొందరపడకు" అంది.

చువ్వను తాళంలో దూర్చి మెల్లగా తిప్పాను. తాళం టక్కుమని ఊడింది. తమ్ముడు మూతినిండా చింతపండు పూసుకుని, చప్పరిస్తూ బయటికొచ్చాడు. అమ్మ ఏడుస్తూనే నవ్వేసింది.

సాయంత్రం నాయనకు అంతా చెప్పాం. విన్నాక లోపలికెళ్లి, తాళంచెవులు పోయిన పాత తాళాలన్నీ బుట్టలో తెచ్చి నా ముందు, మేనత్త ముందు పెట్టాడు.

"అత్తాకోడళ్లిద్దరూ వీటిని గూడ జర చూడుండ్రి" అన్నాడు.