నా ఎముకల్లో దాగిన సీసాన్ని చూపించిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, నా పేరు గురువమ్మ, మాది కోవిల్‌పట్టి పక్కన నల్లరేగడి ఊరు, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మనుషులం. వానలు తప్పి పత్తీ మిరపా చేతికి రాని ఏడు నేను పాత లారీ బ్యాటరీలు పగలగొట్టే షెడ్డులో పనికి చేరి తొమ్మిదేళ్లు చేశాను. బ్యాటరీ పగలగొట్టి, లోపలి పలకలు తీసి, కొలిమిలో కరిగించి సీసం దిమ్మలు పోసే చోటు అది. ఆ బూడిద మా జుట్టులో, గోళ్లలో, చీర కుచ్చిళ్లలో ఉండేది, ఆ చేతులతోనే సద్ది తినేవాళ్లం, అది విషమని మాకు చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు!

మొదట కడుపులో మెలిపెట్టేది, తర్వాత కాళ్లలో నొప్పి మొదలైంది, కండల్లో కాదు, ఎముక లోపల ఎవరో తొలుస్తున్నట్టు. నలభై రెండేళ్లకే గోడ పట్టుకుని లేచేదాన్ని. ఒకనాడు పొద్దున కుళాయి దగ్గర బిందె ఎత్తితే కుడి మణికట్టు పుటుక్కున విరిగింది. పడలేదు, జారలేదు, ఒట్టి బిందె ఎత్తినందుకే! కట్టు కట్టారు, రెండు నెలలకు విప్పి చూస్తే ఎముక అతుక్కోలేదు, మళ్లీ కట్టారు, మళ్లీ అంతే. నా భర్త రామసామి అన్నం కలిపి నా నోటికి అందించేవాడు, ఆయన ముందు ఏడవకూడదని కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. ఇంకొక మాట, ఇది చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గే. నా చోటు పోకూడదని మా మల్లికను, నా ఒక్క కూతుర్ని, మూడో నెల కడుపుతో ఉన్నదాన్ని, ఆ షెడ్డులో నేనే కూర్చోబెట్టాను.

అప్పటికి ప్రభువును నేనెరగను. మా వీధిలో ఉండే ఎస్తేరక్క మాత్రం రోజూ వచ్చి నా పొయ్యి వెలిగించి, గిన్నెలు తోమి, పోయేముందు నా కట్టు మీద చెయ్యి పెట్టి ప్రార్థించేది.

"తండ్రీ, ఈ చెల్లి ఎమకల్లో ఏముండాదో మాకు తెలీదు, నీకు తెల్సు. దాన్ని మాకు చూపించు తండ్రీ!"

బాగుచెయ్యి అని అడగలేదు సహోదరులారా, చూపించు అని అడిగింది! ఆ వారంలోనే అక్క నన్ను బస్సెక్కించి విరుదునగరంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. ఇన్నాళ్లూ అందరూ నా చెయ్యి చూశారు, ఆవిడ మాత్రం "మీరేం పని చేస్తారమ్మా?" అని అడిగింది. చెప్పగానే నా పెదవి ఎత్తి చూసింది, చిగుళ్ల అంచున నీలపు గీత ఉంది. రక్తం పరీక్ష చేయిస్తే సీసం! ఒంటికి అది ఎముకలకు కావలసిన సున్నంలాగే కనిపిస్తుందట, తెలియక ఎముకల్లో దాచుకుంటుందట, దాంతో ఎముక గుల్లబారుతుందట, విరిగితే త్వరగా అతకదట. కడుపుతో ఉన్నవాళ్లకైతే బిడ్డకు కూడా చేరుతుందని ఆవిడ అంది.

ఆసుపత్రి వరండాలోనే కూలబడి నా జీవితంలో మొదటిసారి ప్రార్థించాను. "యేసయ్యా, నువ్వెవరో నాకు సరిగా తెలీదు. నా ఎమకలు ఏమన్నా కానీ, నా బిడ్డ కడుపులో ఉండే బిడ్డని కాపాడు. నేను చేసిన తప్పు దాని మీదికి రానియ్యద్దు!" ఆ క్షణంలోనే నా భయం పోయింది, దేవునికే మహిమ!

బస్సు దిగి ఇంటికి పోలేదు, నేరుగా షెడ్డుకే పోయాను. "మల్లికా, చేతిలోది కింద పెట్టు, ఇంటికి పోదాం" అన్నాను.

"ఏమిటికిమా ఇట్ల అరుస్తాండావు? అందరూ చూస్తాండారు" అంది పిల్ల.

"చూడనీ! అందరికీదా చెప్తాండా. ఈ బూడిద మన ఎమకల్ని తింటాండాది!"

యజమాని పరుగున వచ్చి, "నీ చెయ్యి ఇరిగితే నా షెడ్డు మీద ఏమిటికి పడతావు?" అని గద్దించాడు. ఒకప్పుడు ఆయన దగ్గితే వణికేదాన్ని, ఆ రోజు కట్టుకట్టిన చేత్తో నా కూతుర్ని పొదువుకుని గేటు దాటాను. మరుసటి వారం షెడ్డులో పనిచేసే ఏడుగురు ఆడవాళ్లు నా వెంట విరుదునగరం వచ్చి రక్తం ఇచ్చారు, ఏడుగురిలోనూ సీసం తేలింది. డాక్టరమ్మ రాసిన కాగితం పట్టుకుని అధికారుల దగ్గరికి పోయాం, ఒకసారి కాదు, వాళ్లు వచ్చి చూసి ఆ కొలిమి ఆర్పించేదాకా పోయాం. ఇప్పుడు మాలో చాలామంది కడలమిట్టాయి, అదే బెల్లం వేరుశనగ పట్టీ, చేసే చోట వేరుశనగలు ఏరుతున్నాం.

మందులు వాడాను, పాలు, రాగులు, మునగాకు తిన్నాను, సంఘమంతా నా కోసం ఉపవాసముండి ప్రార్థించింది. ఐదో నెలలో ఎముక అతికింది! సీసమంతా ఒక్కరోజులో పోయిందని నేను అబద్ధం చెప్పను, ఎముకల్లోది కరగడానికి ఏళ్లు పడుతుందని డాక్టరమ్మ అంది, ఇంకా పరీక్షకు పోతూనే ఉన్నాను. భయం మాత్రం నాలో లేదు. ఆ సంవత్సరమే నేనూ నా భర్తా బాప్తిస్మం పొందాం.

మల్లికకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డ రక్తం పరీక్షించిన డాక్టరమ్మ భయపడాల్సిందేమీ లేదంది, అయినా విడవకుండా చూపిస్తున్నాం. పోయిన ఆదివారం ఆ పిల్ల మందిరంలో చాప అంచు నుంచి ఎవరి వేలూ పట్టుకోకుండా ఆరడుగులు వేసింది, పాట ఆపేసి అందరం చూశాం!

ప్రియులారా, ఒళ్లు నొప్పులని ఓర్చుకుంటూ ఇక్కడ కూర్చున్న అక్కలారా, అన్నలారా, రేపే డాక్టరు దగ్గరికి పోయి మీరు చేసే పనేమిటో దాచకుండా చెప్పండి. పోయేముందు నా దేవుణ్ణి చూపించు అని ఒక్కమాట అడగండి. రండి, తోడు కావాలంటే నేనొస్తాను.