నలుపుకున్న కళ్లు

సిరిసిల్లలో శ్రీహరి పన్నెండేళ్లుగా మరమగ్గాలు నడుపుతున్నాడు. నూలు నుసి కళ్లద్దాల మీద పేరుకుంటుంది, తుడుచుకునేలోపు ఎక్కడో పోగు తెగుతుంది. పైగా ఆరు నెలలకోసారి నంబరు మారుతోంది. లేజర్ చేయించుకుని ఆ అద్దాల పీడ వదిలించుకుందామని కరీంనగర్‌లో కంటి ఆసుపత్రికి వెళ్లాడు.

డాక్టరమ్మ పరీక్షల కాగితం చూసి అడిగింది. “కండ్లు బాగ నలుపుకుంటవా?”

“నుసి పడుతది మేడం. షెడ్డుల అందరం నలుపుకుంటం.”

“నల్లగుడ్డు మీది పొర పలుచబడి ముందుకు ఉబ్బింది. లేజర్ ఆ పొరనే ఇంకింత చెక్కుతది. నీకు పనికిరాదు. నలుపుడు బందు పెట్టు, లేకుంటె ఉన్న చూపు గూడ పాడైతది.”

కళ్లు నలుపుకోకుండా మగ్గం నడిపే మొనగాడు ఎక్కడున్నాడో ఆమే చూపించాలి. శ్రీహరి లేచి వచ్చేశాడు.

సాయంత్రం షెడ్డుకు చేరేసరికి భార్య మమతారాణి కండెలకు నూలు చుడుతూ, పిడికిలితో కన్ను గట్టిగా నలుపుకుంటోంది. చటుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“జర ఇడువు, నుసి పడ్డది,” అంది విసుగ్గా. “ఈ నడుమ ఒక్క దారం రెండు లెక్క కానొస్తున్నది. నీ లేజర్ అయినంక నన్ను గూడ తీస్కపో.”