చూసి చెప్పిండ్రా, విని చెప్పిండ్రా

ఆసిఫాబాద్ దగ్గర ఒక ఆడపిల్లల గురుకులంలో నేను లైబ్రేరియన్‌ని. బీరువాలకు తాళం వేసి కూర్చునే ఉద్యోగమే అనుకోమన్నారు చేరిన రోజున. నేను అనుకోలేదు, తాళమూ వేయలేదు. పుస్తకాలు నలుగుతాయి, అట్టలు ఊడతాయి. ఊడనీ! నలగని పుస్తకాన్ని చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

మా లైబ్రరీలో ఒక రివాజు ఉంది. పుస్తకంలోదైనా, పేపర్లోదైనా, ఊరి నుంచి మోసుకొచ్చిందైనా, పిల్ల ఒక కొత్త ముచ్చట చెప్పిందంటే నేను ఒకటే అడుగుతాను: "ఎవరు చెప్పిండ్రు? చూసి చెప్పిండ్రా, విని చెప్పిండ్రా?" జవాబు చెప్పాకే ఇంకో పుస్తకం. వెనకాల నన్ను 'ఎవరు చెప్పిండ్రు మేడమ్' అని పిలుచుకుంటారు. విననట్టే ఉంటాను గానీ లోపల మహా సంబరం. ప్రిన్సిపల్‌ను మేమంతా పెద్ద మేడమ్ అంటాం. ఆవిడకు మాత్రం ఇది తలనొప్పి. "నువ్వు నేర్పిన చదువుకు, రేపు పప్పు నీళ్లగ ఎందుకున్నదని నన్నే అడుగుతరు" అన్నారొకసారి. "నీళ్లగనే ఉన్నది కద మేడమ్, అడగనియ్యుండ్రి" అన్నాను.

ఇంత గొప్పదాన్ని నేను చేసిన ఘనకార్యం వినండి.

ఎనిమిదో తరగతి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు నా చేతిలోనే ఉంది. ఒక శుక్రవారం పొద్దున, ఒక చేతిలో చాయ్, ఇంకో చేతిలో ఫోన్. ఎవరో పంపిన ఫొటో వచ్చింది. మోటార్‌సైకిల్ పక్కన ఒక గడ్డపాయన, వెనక సీటు మీద పెద్ద మూట. కింద రాత: "పిల్లలను ఎత్తుకపోయేటోడు మన దిక్కు తిరుగుతుండు, జర పైలం." చాయ్ చల్లారకముందే గ్రూపులో పెట్టేశాను. ఎవరు చెప్పారని నన్ను నేను అడగలేదు. పైగా మంచి పని చేశాననుకున్నాను, సిగ్గు లేకుండా.

ఆ ఆదివారం తల్లిదండ్రులు పిల్లలను చూడడానికి వచ్చే రోజు. గేటు దగ్గర లొల్లి వినపడితే ఉరికాను. నలుగురైదుగురు మగవాళ్లు ఒకాయన అంగీ పట్టి గుంజుతున్నారు. ఆయన చేతిలోని టిఫిన్ డబ్బా కింద పడి, బగారన్నం మట్టిపాలైంది. మొఖం చూశాను. ఫొటోలో ఉన్నది ఆయనే. లోపలి నుంచి ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి గేటు కమ్మీలు పట్టుకుని అరుస్తోంది. నా దగ్గర అందరికంటే ఎక్కువ పుస్తకాలు చదివే పిల్ల అది.

"మా అబ్బా! ఇడువుండ్రి! మా అబ్బా దుప్పట్లు, చద్దర్లు అమ్ముతడు! ఎవరు చెప్పిండ్రు మీకు? చూసి చెప్పిండ్రా?"

అంగీ పట్టుకున్నాయన ఫోన్ తీసి చూపించాడు. "ఇగో, మీ లైబ్రరీ మేడమే పంపింది."

ఆ పిల్ల నా వైపు తిరిగి చూసింది. తిట్టినా బాగుండేది.

"నేనే పంపిన," అన్నాను, అందరికీ వినపడేలా. "ఎవరు చెప్పిండ్రో అడగకుంట పంపిన. తప్పు నాది. ముందుగాల ఆయనను ఇడువుండ్రి."

విడిచారు. పెద్ద మేడమ్ నా మోచేయి పట్టి పక్కకు లాగారు. "మెసేజ్ తీసెయ్, అయిపాయె. లొల్లి చేస్తే బడి ఇజ్జత్ పోతది." ఆ తండ్రి డబ్బా ఏరుకుని, కూతురితో అన్నాడు: "ఇయ్యాల ఆఫీసు లేదు బేటా. మల్ల వచ్చిన్నాడు టీసీ తీసుకుందాం. గీ గేటు కాడికి నేను ఎట్ల రావాలె ఇంక?" సాయంత్రం ఆ పిల్ల వచ్చి, తన దగ్గరున్న పుస్తకం నా బల్ల మీద పెట్టింది. ఇంకోటి అడగలేదు.

ఆ రాతంతా తప్పని గ్రూపులో రాశాను. చాలదనిపించింది. ఆ మెసేజ్ ప్రింటు తీసి, ఆయన ఫొటో కత్తిరించేసి, మాటలు మాత్రం లైబ్రరీ గోడకు అంటించాను. కింద "ఇది అబద్ధం. అడగకుండా పంపింది నేను" అని రాసి సంతకం పెట్టాను. ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ఎర్ర పెన్ను ఇచ్చి, అడగాల్సినవన్నీ దాని మీదే రాయమన్నాను. ఊరి పేరేది? తారీఖేది? ఎవరి పిల్ల పోయింది? ఏ పోలీసాయన చెప్పిండు? కాగితం అంచులన్నీ ఎర్రగా నిండిపోయాయి. అప్పుడొకతి లేచింది. "మరి మీరెందుకు నమ్మిండ్రు మేడమ్?"

"గడ్డం చూసి, మూట చూసి భయపడ్డ," అన్నాను. నా నోటితో నేను అన్న మాటల్లో అంత బరువైంది ఇంకోటి లేదు.

పెద్ద మేడమ్ వచ్చి కాగితం చూశారు.

"తీసెయ్."

"తియ్య."

"మెమో ఇస్త."

"ఇయ్యుండ్రి మేడమ్. దాని పక్కకే అంటిస్త."

ఇచ్చారు. అంటించాను.

మళ్లీ తల్లిదండ్రులు వచ్చే ఆదివారం పొద్దుటి నుంచీ గేటు దగ్గరే నిలబడ్డాను. ఆయన వచ్చాడు గానీ, రోడ్డు అవతలే బండి ఆపుకుని నిలబడ్డాడు. నేనే వెళ్లి ఆయన చేతిలోని డబ్బా అందుకుని, అందరి మధ్య నుంచి లైబ్రరీకి తీసుకొచ్చాను. కూతురు అక్కడే ఉంది. గోడ చూసి, "నాకు ఉర్దూ చదువుడే వస్తది. ఏం రాసిండ్రు?" అన్నాడు. ఆ పిల్ల నా సంతకం దాకా, మెమో దాకా అంతా చదివి వినిపించింది.

ఆయన నా వైపు తిరిగాడు. "అన్ని రాసిండ్రు మేడమ్. నేనెవరో రాయలే."

నిజమే. ఆ పిల్ల నా బల్ల మీది ఎర్ర పెన్ను తీసుకుని కాగితం కింద రాసింది: "ఈయన మా అబ్బా. చద్దర్లు అమ్ముతడు. చెప్పేది నేను. చూసి చెప్తున్న."

పెన్ను మూత పెట్టి నా ముందు చెయ్యి చాపింది.

"నా పుస్తకం ఇయ్యుండ్రి మేడమ్. సగంలనే ఉన్న."