కుర్చీతో సహా విలీనం

"మనల్ని కొనడానికి వాళ్ళు ఇవాళ వస్తున్నారు. మీరేమో పొద్దున్నే వెళ్ళి ఇంకోటి కొనుక్కొచ్చారా?"

"కొనలేదే. విలీనం చేసుకున్నాను."

"ఈసారి ఏమిటి?"

"మ్యాపుల కంపెనీ."

"ఆ మలుపులో గ్లోబులూ గోడ పటాలూ అమ్మే పెద్దాయన కొట్టా? ఈ రోజుల్లో ఈగ కూడా ఫోను చూసుకునే దారి కనుక్కుంటోందండీ! ఆ పటాలు ఎవరు కొంటారు?"

"మ్యాపులు లేని పెద్ద కంపెనీ ఒక్కటి చూపించు. ఇప్పుడే వెళ్ళి వెనక్కి ఇచ్చేసి వస్తా."

నేను మెట్ల మీదే ఆగిపోయాను. పైన గదిలో మా అత్తయ్యా మామయ్యా. నా వెనకాల, ఒక చంకలో గ్లోబూ ఇంకో చంకలో పేము కుర్చీతో ఆయాసపడుతూ ఆ మ్యాపుల పెద్దాయన.

"నేను తర్వాత రానా బాబూ?" అన్నాడాయన మొహమాటంగా.

"అక్కర్లేదండీ. మా దగ్గర ప్రతి విలీనమూ ఇలాగే మొదలవుతుంది. గొడవ అయిపోయిందంటే సంతకాలు అయిపోయినట్టే" అన్నాను.

మా మామయ్యకి కంపెనీలు కొనే జబ్బుంది. కొందరికి పేకాట, కొందరికి చుట్ట, ఈయనకి విలీనం. ఎక్కడైనా ఒక కొట్టు షట్టరు ఆఖరిసారి కిందికి దిగుతోందని తెలిస్తే చాలు, పరిగెత్తుకెళ్ళి మధ్యలో చెయ్యి అడ్డం పెడతాడు.

నిజానికి ఆయనది సైకిళ్ళ షాపు మీద మూడు గదుల సాఫ్ట్‌వేర్ కంపెనీ. చిన్న చిన్న కొట్లవాళ్ళు బిల్లులు వేసుకునే సాఫ్ట్‌వేర్ అమ్ముతాడు. అది బాగానే నడుస్తోంది. నడిచేదాన్ని నడవనిస్తే మామయ్య ఎందుకవుతాడు? పెద్ద పెద్ద టెక్నాలజీ కంపెనీల వార్తలు చదివి చదివి ఒక సిద్ధాంతం కనిపెట్టాడు.

"వాళ్ళంతా కష్టపడి పెరిగారనుకుంటున్నావా అల్లుడూ? ఒట్టిమాట. ఫొటోలు చేతకాకపోతే ఫొటోలవాణ్ణి కొన్నారు. దారి తెలియకపోతే మ్యాపులవాణ్ణి కొన్నారు. కబుర్లు చెప్పడం రాకపోతే కబుర్లవాణ్ణే కొనేశారు. పక్కవాడు పోటీకి వస్తాడేమో అనిపిస్తే, వాడు నిక్కరు వేసుకునే వయసులోనే ఎత్తుకొచ్చేశారు. మనదీ అదే బాట."

సిద్ధాంతంలో తప్పు లేదు. ఆయన కొన్న సరుకులోనే తేడా.

పెద్ద కంపెనీలు చేతికి కట్టుకునే పరికరాలు తయారు చేసేవాళ్ళని కొంటుంటే, మామయ్య వెళ్ళి వాచీలు బాగుచేసే తాతను కొన్నాడు. వాళ్ళు ఫొటోల యాప్ కొన్నారని పేపర్లో చదివి, ఈయన మూతపడుతున్న ఫొటో స్టూడియోను తెరలతో సహా పైకి ఎక్కించాడు. కీబోర్డు విభాగం కావాలని టైపు ఇన్‌స్టిట్యూట్ టీచరమ్మను తెచ్చాడు. మా కొట్లవాళ్ళు సందేహాలతో ఫోను చేస్తే ఆవిడే ఎత్తుతుంది. "ముందు నిటారుగా కూర్చుని మాట్లాడండి" అంటుంది. ఆ గొంతు విన్నాక సగం మందికి సందేహమే గుర్తుండదు. మాకు ఫిర్యాదులు తగ్గడానికి కారణం సాఫ్ట్‌వేర్ కాదు, ఆవిడ.

పెద్ద కంపెనీలు ఎవరినైనా కొంటే ముందు పాత పేరు తీసేస్తాయట. మా మామయ్య ఒక్క బోర్డు కూడా దించడు. అన్నీ తెచ్చి మెట్ల గోడకి కొట్టిస్తాడు. కొత్తగా వచ్చినవాడు మా ఆఫీసు ఏదో తెలుసుకునేలోగా వాచీ బాగుచేయించుకుని, పాస్‌పోర్టు ఫొటో దిగి, టైపు క్లాసులో చేరిపోగలడు.

ఇంకో షరతు కూడా ఉంది. కంపెనీతో పాటు కుర్చీ రావాలి. పాత కొట్లో ఏ కుర్చీలో కూర్చునేవాళ్ళో అదే. అందుకే మా ఆఫీసులో ఒక కుర్చీకి ఇంకో కుర్చీ చుట్టం కూడా కాదు. తాతది కాళ్ళు కోసిన చెక్క కుర్చీ. టీచరమ్మది దిండు కట్టిన ఇనప కుర్చీ. స్టూడియో ఆయనది ఫొటోలకి కూర్చోబెట్టే గుండ్రటి స్టూలు, ముట్టుకుంటే గిర్రున తిరుగుతుంది. అత్తయ్య కూర్చునేది పుట్టింటి నుంచి వచ్చిన టేకు కుర్చీ.

"ఈయన మొదటి విలీనం నాతోనే జరిగింది. అప్పుడే మేలుకోవాల్సింది" అంటుంది ఆవిడ.

నాదీ విలీనమే. కాలేజీ మధ్యలో వదిలేశాను. ఎందుకంటారా? నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు, వాళ్ళకి అది తప్ప ఇంకేం అక్కర్లేదు. ఇంట్లో కూర్చుని యాప్ ఒకటి రాశాను. కొట్టతను "అరకిలో పంచదార, రెండు సబ్బులు" అని నోటితో చెబితే చాలు, బిల్లు దానంతటదే పడుతుంది. పేరు 'మాటబిల్లు'. కంపెనీకి యజమానిని నేను, కస్టమరు మా అమ్మ. ఆవిడ కూడా మొహమాటానికి వాడేది. అప్పుడొచ్చాడు మామయ్య, కోటు వేసుకుని మరీ.

"మీ సంస్థను మా సంస్థలో విలీనం చేసుకోదలిచాం. కుర్చీ తెచ్చుకో."

బాల్కనీలో బట్టలు ఆరేసేటప్పుడు అమ్మ ఎక్కే ప్లాస్టిక్ కుర్చీ నాది. ఒక కాలు పొట్టి. దాన్ని నెత్తిన పెట్టుకుని వీధంతా రాజులా నడిచాను. నా తెలివిని పసిగట్టిన మొనగాడు ఈయనొక్కడే అనుకున్నాను. అనుకోవడమేమిటి, కనబడ్డ ప్రతివాడికీ చెప్పాను. మాటబిల్లును మామయ్య సాఫ్ట్‌వేర్‌లో కలిపాక కొట్లవాళ్ళు దాని మీద పడ్డారు. చూస్తుండగానే ఊళ్ళు దాటింది. ఆ వాసనకే ఇవాళ పెద్ద కంపెనీ దిగుతోంది.

ఇద్దరు వచ్చారు. ఒక మేడం, ఒక ల్యాప్‌టాప్ బాబు. మెట్ల గోడ బోర్డులన్నీ చదువుకుంటూ పైకి వచ్చేసరికే వాళ్ళ ముఖాలు మారిపోయాయి. మేడంకి టీచరమ్మ తన ఇనప కుర్చీ ఇచ్చింది. ల్యాప్‌టాప్ బాబు తెలియక స్టూడియో స్టూలు మీద కూర్చున్నాడు. ఒక ప్రశ్న మామయ్యను అడిగేవాడు, జవాబు వచ్చేసరికి గోడకేసి తిరిగిపోయేవాడు.

"ఈ వాచీ రిపేరు మీ వ్యాపారానికి ఎలా కలిసొస్తుంది సార్?"

"అది వ్యూహం" అన్నాడు మామయ్య.

"టైపు మిషన్లు?"

"దీర్ఘకాలిక వ్యూహం."

బాబు మళ్ళీ ఇటు తిరిగి, గ్లోబు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పెద్దాయనను చూశాడు. "మరి వీరు?"

"వీరు పొద్దునే వచ్చారు బాబూ. వ్యూహం మధ్యాహ్నానికి తయారవుతుంది" అంది అత్తయ్య.

మేడం నవ్వింది. నవ్వి, చేతిలో కాగితాలు మూసింది. "సూటిగా చెబుతాను సార్. మాకు కావాల్సింది మాటబిల్లు, అది రాసిన ఈ అబ్బాయి, మీ కస్టమర్లు. మిగతా విభాగాలన్నీ మూసేస్తాం. మీరు కాదంటే మేమే అలాంటిది తయారు చేసి ఊరికే పంచుతాం. అప్పుడు మీ దగ్గర ఎవరూ కొనరు."

ఆవిడ బెదిరించలేదు. రేపు వాన పడుతుందని చెప్పినట్టు చెప్పింది. అదే భయంగా ఉంది. తాత కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి జేబులో వేసుకున్నాడు. స్టూడియో ఆయన నేల చూపులు చూశాడు. పొద్దునే వచ్చిన మ్యాపుల పెద్దాయన, కుర్చీ ఎత్తుకుని వెళ్ళిపోవడం మర్యాదా కాదా అని ఆలోచిస్తున్నట్టు, దాని చెయ్యి పట్టుకున్నాడు. అమ్మితే వీళ్ళు వీధిలోకి. అమ్మకపోతే అందరం వీధిలోకి.

"ఒక్క సంగతి మాత్రం అర్థం కాలేదు" అంది మేడం. "మీరు కొన్నవన్నీ నష్టాలే. మాటబిల్లు ఒక్కటే బంగారం. ఎవరూ వాడని రోజుల్లో ఇది ఇంత గొప్పదని మీరెలా కనిపెట్టారు?"

నేను చొక్కా కాలరు సర్దుకున్నాను. ఈ జవాబు కోసం నేను ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూస్తున్నాను.

ప్రతిదానికీ వ్యూహం అనే మనిషి, ఇప్పుడు ఫ్యానుకేసి చూస్తున్నాడు.

"కనిపెట్టడమా, పాడా!" అంది అత్తయ్య. "కొన్న వారం దాకా ఆయన దాన్ని తెరిచి కూడా చూడలేదు. కాలేజీ వదిలేసి వీడు తలుపు వేసుకుని కూర్చున్నాడు. అన్నానికి పిలిచినా వచ్చేవాడు కాదు. మా ఆడపడుచు రోజూ ఫోనులో ఏడుపు. ఊరికే రమ్మంటే వీడికి పౌరుషం. అందుకని కోటు అరువు తెచ్చుకుని వెళ్ళి, కంపెనీ కొంటానన్నారు."

"నువ్వు ఊరుకోవే!" అన్నాడు మామయ్య.

నా కాలరు దానంతటదే కిందికి దిగింది. ప్లాస్టిక్ కుర్చీ పొట్టి కాలు టకటకమంది. నాకు కోపం రావాలి. వచ్చిందేమో అని వెతుక్కున్నాను కూడా. కానీ కళ్ళు ఆ గదిలో తిరిగాయి. గడియారం, ఫొటో, టైపు, ఇప్పుడు పటాలు. అన్నీ కలిపితే ఒక ఫోను. అది పొట్టన పెట్టుకున్న కొట్లన్నిటినీ ఈ మనిషి ఒక్కొక్కటిగా ఏరుకొచ్చి, ఎవరి కుర్చీలో వాళ్ళని కూర్చోబెట్టి, దానికి వ్యూహం అని పేరు పెట్టాడు. దానం అంటే ఎవరూ మెట్లెక్కరు. విలీనం అంటే కుర్చీ ఎత్తుకుని మరీ వస్తారు, నాలాగ. అంత పెద్ద కంపెనీ నుంచి వచ్చిన మేడం ముందు, ఈయన మా మామయ్య అని లేచి నిలబడి చెప్పాలనిపించింది. కుర్చీ పడిపోతుందని ఊరుకున్నాను.

"సరే మేడం" అన్నాడు మామయ్య గొంతు సవరించుకుని. "బిల్లింగు మొత్తం మీకు. అల్లుణ్ణి అడగండి, వస్తానంటే తీసుకెళ్ళండి. కొట్లవాళ్ళకి ఫోను ఎత్తడం మాత్రం మా టీచరమ్మే. ఆ కాంట్రాక్టు మాకివ్వండి. విభాగాలు నావి. బేరంలో లేవు."

ఫోను ఎత్తే పనికి మేడం వెంటనే ఒప్పుకుంది. అప్పటికే ఆవిడ తనకు తెలియకుండా నిటారుగా కూర్చుని ఉంది.

"కానీ ఒక నిబంధన ఉంది సార్" అన్నాడు ల్యాప్‌టాప్ బాబు, ఈసారి కిటికీ వైపు నుంచి తిరుగుతూ. "అమ్మాక మీరు మాకు పోటీ వ్యాపారం చేయకూడదు." ఒకసారి గదంతా చూశాడు. "ఇవేవీ మాకు పోటీ కావు లెండి."

మామయ్యకి నిజంగా కోపం వచ్చింది. "కావా? మ్యాపులు కూడానా? బాగా చూసి చెప్పండి!"

"సంతకం పెట్టండి ముందు!" అని అత్తయ్య చేతిలో పెన్ను పెట్టింది.

పెట్టాడు. సిరా ఆరకముందే, "వెనక వీధి రేడియో రిపేరు ఆయన షట్టరుకి రంగు వేయించడం మానేశాడట. ఆడియో విభాగం లేకుండా మనం..." అని మొదలుపెట్టాడు.

"చూశారా మేడం, మీ డబ్బు ఎటు పోతుందో!" అంది అత్తయ్య. అంటూనే తన బల్లను కాలితో పక్కకి నెట్టి, కిటికీ దగ్గర వెలుతురులో ఆ పేము కుర్చీకి చోటు చేసింది.

వాళ్ళు వెళ్ళాక నేను మొండికేశాను. "నేను ఎక్కడికీ వెళ్ళను మామయ్యా."

"వెళ్ళాలి. ఆ గదిలోంచి లాక్కొచ్చి నిన్ను ఈ గదిలో కూర్చోబెట్టుకుంటే నేను చేసిందేమిటి? గది మార్చినట్టు."

చేరాను. అక్కడ కుర్చీలన్నీ ఒకే అచ్చు. గోడ మీద వాళ్ళు కొన్న కంపెనీల పట్టిక ఒకటి ఉంది, పేర్లు చదివి ఇవిప్పుడు ఎక్కడున్నాయని అడిగితే పక్క సీటువాడికి ఒక్కటీ తెలియదు. మా మామయ్య కొన్నవన్నీ చిరునామాతో సహా అప్పజెప్పాను. విన్నవాళ్ళందరూ అడిగింది ఒక్కటే, ఆయన దగ్గర ఖాళీలున్నాయా అని.

అక్కడ చేరడానికి నేను బయల్దేరిన రోజు మామయ్య బోర్డుల పక్క నుంచి మెట్ల కింది దాకా వచ్చాడు. నా సంచీ పట్టీ సర్ది, పైన అత్తయ్యకి వినబడకుండా గొంతు తగ్గించాడు.

"అల్లుడూ, ఒకటి అడుగుతాను, కాదనకు."

"అడుగు మామయ్యా."

"నువ్వు అక్కడ ఎక్కువకాలం కూర్చోవు. నాకు తెలుసు. ఎప్పటికైనా సొంతంగా ఒకటి పెడతావు. అప్పుడు నా షట్టరు సగానికి దిగిందని విన్నావనుకో..."

"వింటే?"

"కోటు వేసుకుని వచ్చి నన్ను విలీనం చేసుకో. కుర్చీ నేనే తెచ్చుకుంటాను."